చేను ఒకరిది, చెమట మరొకరిది

మన పల్లెల్లో పొలం గల ప్రతివారూ దున్నరు. దున్నే ప్రతివారికీ పొలం ఉండదు. ఈ ఇద్దరినీ కలిపేదే కౌలు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో దీన్ని మక్తా అనీ, పాలు అనీ అంటారు. రాయలసీమలో గుత్త అనీ, కోరు అనీ అంటారు. పేరు ఏదైనా సంగతి ఒక్కటే. భూమి ఒకరిది, కష్టం మరొకరిది, పంట మీద ఆశ ఇద్దరిదీ.

ఇంత దగ్గర సంబంధం ఇంకెక్కడా కనబడదు. ఒకరి పెళ్ళి ఖర్చు మరొకరి కళ్లంలో ఉంటుంది. ఒకరి పిల్లల ఫీజు మరొకరి సంతకంలో ఉంటుంది. అయినా ఎన్ని ఊళ్లలో యజమాని, కౌలుదారు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిరుగుతున్నారో మనకు తెలుసు. ఆదివారం ఒకే ఆరాధనలో కూర్చుని, సోమవారం ఎమ్మార్వో ఆఫీసు ముందు వేర్వేరు చెట్ల కింద నిలబడేవారూ ఉన్నారు.

ఆ తగవులు ఎక్కడ పుట్టాయని విచారిస్తే, చాలావాటికి మూలం దురాశ కాదు, దుర్మార్గమూ కాదు. మొదట మాట్లాడుకోవలసిన మాట మాట్లాడుకోకపోవడమే. అందులోనూ ఒక్క మాట మరీ ముఖ్యం: పంట పోతే ఆ నష్టం ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు నాగలి కట్టక ముందే చెప్పుకున్న ఇళ్లలో స్నేహం నిలుస్తుంది. చెప్పుకోని ఇళ్లలో మొదటి తుఫానుకే అది కొట్టుకుపోతుంది.

యజమానులందరూ ధనవంతులు కారు

యజమాని అనగానే పెద్ద మేడ, నూరెకరాల మాగాణి మన కళ్ల ముందు నిలుస్తాయి. అట్టివారు లేకపోలేదు. కాని ఈనాడు భూమి కౌలుకిచ్చేవారిలో భర్త పోయిన స్త్రీలున్నారు. పట్నంలో చిన్న ఉద్యోగం చేసుకునేవారున్నారు. మోకాళ్ల నొప్పులతో గట్టు దిగలేని ముసలివారున్నారు. ఒక ఎకరం మీద వచ్చే కౌలుతో మందులు కొనుక్కుని సంవత్సరమంతా గడిపే తల్లులున్నారు. అలాంటి ఇంటికి కౌలు ఆలస్యమైతే పొయ్యి మీద ఎసరు ఆలస్యమైనట్లే.

కౌలుదారులు కూడా ఒకే విధంగా ఉండరు. కొందరికి సెంటు భూమి లేదు. కొందరికి అరెకరం సొంతం ఉంది, దానికి మరో రెండెకరాలు కలుపుకుంటేగాని అరక సాగదు. యజమాని దోచుకునేవాడనీ, కౌలుదారు ఎగ్గొట్టేవాడనీ ముందే తీర్పు తీర్చుకుంటే ఆ తర్వాత ఎంత మంచి కాగితం రాసుకున్నా ప్రయోజనం ఉండదు. ఎదుటివారి ఇంట్లో ఏ అవసరం ఉన్నదో తెలుసుకోవడమే మంచి కౌలుకు మొదటి మెట్టు.

సంతకమంటే ఎందుకీ భయం?

"నీకు కావాలంటే నోటి మాట మీద చేసుకో, కాగితం మాత్రం అడగకు." ఈ మాట అనని యజమాని అరుదు. దీని వెనుక పాత భయం ఒకటుంది. దానికి కారణాలు కూడా ఉన్నాయి.

తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. అటువంటి కౌలుదారులు ఎందరో తర్వాత తాము దున్నిన భూములకే హక్కుదారులయ్యారు. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలు గడువు కనీసం 6 సంవత్సరాలుండాలని చెప్పింది. దున్నేవానికి నిలకడ కల్పించాలన్నదే ఈ చట్టాల ఉద్దేశం. కాని యజమానులు దాన్ని మరో విధంగా అర్థం చేసుకున్నారు. కాగితం ఇస్తే భూమి పోతుందనుకున్నారు. అందుకే చాలాచోట్ల నోటి మాటే కౌలయింది. ఒకే మనిషిని మూడేళ్లు ఉంచకుండా ఏడాదికొకరిని మార్చడం అలవాటయింది.

దానివల్ల నష్టపోయింది కౌలుదారు ఒక్కడే కాదు, భూమి కూడా. వచ్చే సంవత్సరం ఈ పొలం నాకు ఉంటుందో లేదో తెలియనప్పుడు ఎవరు జీలుగ చల్లి కలియదున్నుతారు? ఎవరు బండ్లతో పశువుల ఎరువు తోలుతారు? ఎవరు బోదెలో పూడిక తీస్తారు? చేతికందిన నాలుగు కట్టల యూరియా చల్లి, వచ్చినంత పండించుకుని వెళ్లిపోతారు. యజమాని సంతకాన్ని కాపాడుకున్నాననుకుంటాడుగాని తన చేను సారం పోగొట్టుకుంటున్నానని గ్రహించడు.

ఈ భయాన్ని తగ్గించాలనే తర్వాతి చట్టాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. అందులో ఒప్పందం గడువు 11 నెలలు. ఆ పత్రం వల్ల సాగుదారుకు పంట మీదనే హక్కు వస్తుంది, భూమి మీద రాదు. యజమాని హక్కుకు భంగం లేదని దానిలోనే స్పష్టంగా ఉంది. అయినా పత్రానికి యజమాని సంతకం కావలసి రావడంతో పాత భయమే మళ్లీ అడ్డు వచ్చింది. ఇట్టి నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక ప్రతి సంవత్సరం సాగుకు ముందు మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి, రెవెన్యూ అధికారిని అడిగి ఆ ఏటి పద్ధతి తెలుసుకోవడం ఇద్దరికీ క్షేమం.

కాగితం లేనివాని కష్టం

కాగితం లేని కౌలుదారుకు బ్యాంకు తలుపు తెరుచుకోదు. అతడు ఎరువుల కొట్టు వద్దనో, వడ్డీ వ్యాపారి వద్దనో అప్పు చేస్తాడు. పంట అమ్ముకునే స్వేచ్ఛ కూడా అప్పు ఇచ్చినవాని చేతికి పోతుంది.

ఇక్కడ యజమాని వైపు నుండి కూడా ఒక చిక్కు ఉంది. అతడు అప్పటికే ఆ పొలం పాస్‌బుక్కు మీద పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే పొలానికి, ఒకే పంటకు బ్యాంకు రెండు రుణాలివ్వదు. ఈ సంగతి చెప్పడానికి మొహమాటపడి యజమాని ఏదో వంక చెబుతాడు. కౌలుదారు దాన్ని మోసమనుకుంటాడు. ఉన్న సంగతి ఉన్నట్లు చెబితే ఏదో ఒక మార్గం దొరుకుతుంది. యజమానికి ఆ రుణం అవసరం లేకపోతే దాన్ని తీర్చి కౌలుదారుకు అవకాశమివ్వవచ్చు. అవసరమే అయితే ఆ మేరకు కౌలులో కొంత తగ్గించవచ్చు.

ప్రభుత్వ సాయం విషయం కూడా ఇలాంటిదే. 2018లో తెలంగాణలో రైతు బంధు మొదలైనప్పుడు ఆ సొమ్ము పట్టాదారుకే అందింది, కౌలుదారుకు కాదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన కిసాన్ సమ్మాన్ కింద సంవత్సరానికి 6,000 రూపాయలు కూడా భూమి గల కుటుంబాలకే. చట్ట ప్రకారం అది యజమాని సొమ్మే, కాదనలేము. కాని తుఫానుకు పంట పోయినప్పుడు వచ్చే పెట్టుబడి రాయితీ, పంట బీమా సొమ్ము సంగతి వేరు. పెట్టుబడి ఎవరు పెట్టారో నష్టం వారిది. నష్టం ఎవరిదో పరిహారం వారిది. మనస్సాక్షి ఉన్న ఏ యజమానీ దీన్ని కాదనడు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు చేసేటప్పుడు నిజంగా సాగు చేసేవారి పేరు రాయించడానికి యజమాని అడ్డు చెప్పకపోతే సగం తగవులు తీరిపోతాయి.

పంట పోయిన ఏడు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరం దాటింది. అది కోతల కాలం. కోసిన పనలు నీళ్లలో నానాయి, కోయని చేలు నేలకు ఒరిగిపోయాయి. ఇట్టి సంవత్సరంలో కౌలు ఎంత ఇవ్వాలి?

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఇందులో దిగుబడి, కౌలు, ఖర్చు సంగతి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. మీ ఊరి అంకెలు వేరుగా ఉండవచ్చు. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండుతాయని, కౌలు 15 బస్తాలని, పెట్టుబడి 20,000 రూపాయలని అనుకుందాం. 2025–26కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన బస్తా సుమారు 1,777 రూపాయలు.

మంచి సంవత్సరంలో యజమానికి 15 బస్తాలు, అంటే 26,655 రూపాయలు. కౌలుదారుకు మిగిలిన 15 బస్తాల్లో పెట్టుబడి పోగా 6,655 రూపాయలు. ఇంటిల్లిపాది చేసిన కాయకష్టానికి కూలి అందులోనే.

తుఫాను వచ్చి 18 బస్తాలే పండాయి. మాట ప్రకారం 15 బస్తాలు కొలిస్తే కౌలుదారుకు 3 బస్తాలు మిగులుతాయి, 5,331 రూపాయలు. పెట్టుబడి తీసివేస్తే అతడు 14,669 రూపాయలు అప్పులో పడ్డాడు. యజమానికి ఒక్క గింజ కూడా తగ్గలేదు. గాలి ఇద్దరి చేను మీదా వీచింది, నష్టం ఒక్కడి ఇంట్లో దిగింది.

అదే "పంట ఎంత తగ్గితే కౌలు అంత తగ్గుతుంది" అని ముందే అనుకుని ఉంటే? 30కి 15 అయితే 18కి 9. యజమానికి 9 బస్తాలు, 15,993 రూపాయలు వస్తాయి. కౌలుదారుకు కూడా 9 బస్తాలే. పెట్టుబడి పోగా అతనికి 4,007 రూపాయలు నష్టం. మంచి సంవత్సరంతో పోల్చి చూడండి. యజమానికి 10,662 రూపాయలు తగ్గింది. కౌలుదారుకు కూడా సరిగా 10,662 రూపాయలే తగ్గింది. ఇదే న్యాయమైన పంపకం. ఈ అప్పు ఒక సంవత్సరంలో తీరుతుంది. ముందు చెప్పిన అప్పు ఎన్నో సంవత్సరాలు తీరదు. ఒక్కొక్కసారి మనిషిని కూడా తీసుకుపోతుంది.

"మరి పంట బాగా పండినప్పుడు నాకు ఎక్కువ ఇస్తాడా?" అని యజమాని అడగవచ్చు. అడగడం న్యాయమే. 30 దాటి పండితే పై పంటలో ఇంత అని అది కూడా రాసుకోవచ్చు. కష్టంలో భాగం పంచుకునే యజమానికి లాభంలో భాగం ఇవ్వడానికి ఏ కౌలుదారూ వెనుకాడడు. జాలి తలచి చివరలో రెండు బస్తాలు వదిలిపెట్టడం దయ. ముందే లెక్క కట్టుకోవడం న్యాయం. దయ మనిషినీ, ఆ రోజు అతని మనస్సునూ బట్టి మారుతుంది. న్యాయం కాగితం మీద నిలిచి ఉంటుంది.

కాగితంలో ఏమేమి ఉండాలి?

నోటి మాట నీటి మూట అన్నారు పెద్దలు. కాగితం రాసుకోవడం అపనమ్మకం కాదు. మరచిపోయే మన స్వభావానికి అది కట్టు. పెద్ద భాష అక్కరలేదు. ఇద్దరికీ అర్థమయ్యే తెలుగులో ఈ సంగతులు ఉంటే చాలు:

1. పొలం సర్వే నంబరు, కొలత, హద్దులు. కౌలు ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు.

2. కౌలు ధాన్యమా, నగదా? ధాన్యమైతే ఏ రకం, ఎన్ని కిలోల బస్తా, ఎవరి కాటా, తేమ ఎంత? ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో 17 శాతం వరకు తేమను ఒప్పుకుంటారు. ఆ లెక్కే పెట్టుకుంటే పచ్చి వడ్లు పోశాడన్న మాట రాదు. నగదైతే ఏ రోజు ధర?

3. గుంటూరు ప్రాంతంలో మిర్చి, పత్తి చేలకు నగదు కౌలు ముందే కట్టించుకోవడం ఉంది. అక్కడ మొత్తం ముందు తీసుకోక, కొంత ముందు, కొంత పంట వచ్చాక అనుకోవడం కౌలుదారుకు ఊపిరినిస్తుంది. పంట పోతే ముందు ఇచ్చినదానిలో ఎంత తిరిగి వస్తుందో కూడా రాయాలి.

4. రెండో పంట ఎవరిది? వరి కోతకు ముందే చేలో మినుములు చల్లే చోట ఇది చాలా ముఖ్యం. వరితోనే కౌలు ముగిసిందని యజమాని, మినుము తీసేదాకా నాదేనని కౌలుదారు పోట్లాడుకోవడం కొత్త కాదు.

5. నీటి తీరువా, మోటారు బాగుచేత, బోదె పూడిక ఎవరి ఖర్చు? గడ్డి ఎవరిది? గట్టు మీద కొబ్బరి, తాడి, టేకు చెట్ల ఫలసాయం ఎవరిది?

6. తుఫాను, వరద, కరువు వస్తే కౌలు ఎంత తగ్గుతుంది? పంట నష్టం ఎవరు వచ్చి చూడాలి? పరిహారం ఎవరి పేరున వచ్చినా ఎవరికి చేరాలి?

7. మధ్యలో యజమాని పొలం అమ్మితే పంట ఇంటికి చేరేవరకు కౌలుదారును కదిలించరాదు. కౌలుదారు యజమానికి చెప్పకుండా మరొకరికి ఇవ్వరాదు, పొలాన్ని చేపల చెరువుగా మార్చరాదు.

ఇద్దరు సాక్షుల సంతకాలతో రెండు ప్రతులు రాసి చెరొకటి దాచుకోవాలి. కౌలు ముట్టినప్పుడల్లా ఒక నోటుబుక్కులో తేదీ వేసి సంతకం చేయించుకోవాలి. ఈ పని చేసినందువల్ల ఎవరి పరువూ తగ్గదు.

యజమానికి నాలుగు మాటలు

వచ్చే సంవత్సరం పొలం ఇస్తారో లేదో చివరి దాకా నానబెట్టవద్దు. ఉగాదికే చెప్పండి. లేదంటే అతడు మరో పొలం చూసుకునే సమయం కూడా ఉండదు. పక్కవాడు ఒక బస్తా ఎక్కువ ఇస్తానన్నాడని నమ్మకస్థుణ్ణి మార్చవద్దు. ఎక్కువ కౌలుకు పాడుకున్నవాడు ఆ బస్తాను మీ చేను సారంలోంచే పిండుతాడు.

పంట కాలంలో రెండుసార్లైనా వచ్చి చేను చూడండి. చూసినవానికి కష్టం తెలుస్తుంది. కౌలుదారు మీ గుమ్మానికి వచ్చినప్పుడు అరుగు కింద నిలబెట్టి మాట్లాడవద్దు. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వయస్సులో పెద్దవాణ్ణి "ఏరా" అని పిలవవద్దు. కులం పేరు చెప్పి, భూమి పేరు చెప్పి మనిషిని తగ్గించిన చోట ఎంత తక్కువ కౌలు పెట్టినా ప్రేమ పుట్టదు.

కౌలుదారుకు నాలుగు మాటలు

చేలో తెగులు వస్తే, నీరందకపోతే ఆ వారమే చెప్పండి. "బాబుగారూ, ఒకసారి వచ్చి చూడండి" అని పిలవండి. కోత అయిపోయాక చెప్పే కష్టం కథలా వినబడుతుంది. దిగుబడి దాచవద్దు. ఒక్క సంవత్సరం రెండు బస్తాలు దాచినవాని మాట, నిజంగా పంట పోయిన సంవత్సరంలో ఎవరూ నమ్మరు.

కౌలు ఆలస్యమైతే తప్పించుకు తిరగవద్దు. ఎదురుపడి, ఉన్నంత ఇచ్చి, మిగిలినది ఎప్పుడిస్తారో చెప్పండి. గట్టు చెక్కవద్దు, చెట్టు కొట్టవద్దు. పరాయి భూమి అని కలుపు విత్తనం రాలనివ్వవద్దు. భూమి ఎవరిదైనా అది మీ పిల్లలకు కూడు పెట్టింది.

ఇంట్లో వారికి తెలియాలి

ఒక సంగతి మరువరాదు. కౌలు మాటలు మగవారే అరుగు మీద మాట్లాడుకుని లేస్తారు. నాట్లు వేసేది, కలుపు తీసేది ఇంటి ఇల్లాలు. కౌలు ఎంతో, అప్పు ఎంతో ఆమెకు తెలియదు. రేపు ఇంటాయనకు ఏదైనా జరిగితే ఆ కాగితాలు ఎక్కడున్నాయో కూడా తెలియక ఆమె నలుగురి ముందు నిలబడవలసి వస్తుంది. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న కౌలుదారుల కుటుంబాల్లో, అతడు కౌలు చేశాడని చూపించే చీటీ ముక్క లేక పరిహారానికి దూరమైనవారున్నారు. కాబట్టి ఒప్పందం రాసుకునేటప్పుడు భార్యను పక్కన కూర్చోబెట్టుకోండి. వీలైతే ఆమె సంతకం కూడా పెట్టించండి. యజమాని ఇంట్లో కూడా ఇంతే. తండ్రి మాట ఇచ్చాడని కొడుకుకు తెలియకపోతే, తండ్రి పోయిన తర్వాత కొడుకు ఆ మాట నిలబెట్టడు.

తగవు వస్తే

ఎంత జాగ్రత్తపడినా తగవు రావచ్చు. అప్పుడు చేయకూడని పని ఒకటుంది. కోతకు అడ్డం పడకూడదు. చేలో పండిన గింజ రాలిపోతే ఇద్దరికీ మిగలదు. ముందు కోసి, నూర్చి, అందరి ముందు కొలిచి, తగవు ఉన్న భాగాన్ని ఒక నమ్మకమైన ఇంట్లో భద్రపరచండి. ఆ తర్వాత చెరొకరు ఎన్నుకున్న ఇద్దరు పెద్దలను కూర్చోబెట్టి కాగితం ముందు పెట్టండి. సంఘంలో పెద్దలు ఇందులో సాయపడాలి. కాని ఒక జాగ్రత్త. భూమి గలవాడు కానుకలెక్కువ ఇస్తాడని అతని వైపు, పేదవాడు ఏడుస్తున్నాడని ఇతని వైపు మొగ్గరాదు. కాగితంలో ఏముందో, కళ్లంలో ఏం పండిందో ఈ రెండే చూడాలి. పోరు నష్టం, పొందు లాభం అన్న మాట కోర్టు మెట్లు ఎక్కిన ప్రతి రైతుకూ తెలుసు.

ప్రియ పాఠకులారా, తొలకరి వస్తుంది. అరకలు కదులుతాయి. ఈ సంవత్సరం భూమి ఇచ్చేవారైనా, తీసుకునేవారైనా, ఎంత కౌలు అన్న ప్రశ్నతో పాటు మరో ప్రశ్న కూడా అడగండి: పంట పోతే మనమిద్దరం ఏం చేద్దాం? ఆ ప్రశ్న ముందుగా ఎవరడిగినా సరే. అడిగిన రోజు కొంచెం మొహమాటంగా ఉంటుంది. కాని చేను నీటమునిగిన రోజున ఆ ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడగలుగుతారు.